కోదాడ డబ్బాలో గాలిబుడగ

"ఇవి సున్నాలు కావు సార్. బుడగలు."

స్వాతి ఈ మాట అన్నప్పుడు ఉదయం ఎనిమిదీ పది. మిర్యాలగూడ 'స్పష్ట డయాగ్నస్టిక్స్'లో సీటీ స్కాన్ గదికి ఆమె ఇన్‌చార్జి. ఆమె ముందు నేను పెట్టింది దానియేలు గారి నోటుపుస్తకం. చివరి పేజీలో పెన్సిల్‌తో మూడు వరసలు సున్నాలు గీసి ఉన్నాయి. వరసల ముందు సూ, మి, కో అని అక్షరాలు. సూర్యాపేట వరసలో సున్నాలు ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ పెరిగాయి. మిర్యాలగూడ వరసలోనూ అంతే. కోదాడ వరసలో మాత్రం ముప్పై సున్నాలూ ఒకే సైజు.

ఈ పేజీని పోలీసులు చూసి పక్కన పెట్టారు. స్పష్ట వాళ్ల విజిలెన్స్ ఆఫీసర్ పవన్ చూసి, "పెద్దాయన ఫోన్ మాట్లాడుకుంట గీసిండు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నాకూ అర్థం కాలేదు. కాకపోతే అర్థం కాలేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. పదకొండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, ఆరేళ్లుగా సూర్యాపేటలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుని, తొంభై శాతం పెళ్లికొడుకుల అలవాట్లు ఆరా తీసి బతుకుతున్న దీప్లా నాయక్‌కి సిగ్గు ఎక్కడిది?

కేసు రెండు ముక్కల్లో చెబుతాను. స్పష్టకి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మూడు సెంటర్లు. దానియేలు మూడింటికీ క్వాలిటీ మేనేజర్. మెషిన్లు నిజం చెబుతున్నాయో లేదో చూడటం ఆయన పని. మంగళవారం ఉదయం ఏడూ ఇరవైకి సూర్యాపేట సెంటర్ వెనక మెట్ల దగ్గర తల పగిలి పడి కనిపించాడు. ఇంతవరకూ కళ్లు తెరవలేదు. దేంతో కొట్టారో ఆ వస్తువు దొరకలేదు.

ఆ సమయంలో సెంటర్‌లో ఉన్నది టెక్నీషియన్ సుధీర్ ఒక్కడే. ముందు రోజే దానియేలు అతనికి మెమో ఇచ్చాడు, రిసెప్షన్ ముందే ఇద్దరూ అరుచుకున్నారు. స్కాన్ గది వేడెక్కితే ఏసీ చూడటానికి మేడ మీదికి వెళ్లానని సుధీర్ అంటాడు. చూసినవాళ్లు లేరు. ఈ రోజు, శుక్రవారం, తెల్లవారగానే అతన్ని తీసుకుపోయారు. సాయంత్రం ఐదింటికి కోర్టులో పెడతారు.

నన్ను పెట్టుకున్నది సుధీర్ అక్క దీవెన. కోదాడ ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. దానియేలు ఉన్నదీ అక్కడే. "అన్నా, సార్ కండ్లు తెరిసి ఒక్క మాట చెప్తె సాలు, మా తమ్ముడు బయటపడ్తడు. సార్‌ని నేను సూస్కుంట. కొట్టినోణ్ని నువ్వు సూడు" అంది. పనులు అలా పంచుకున్నాం.

"బుడగలంటే ఏంది స్వాతమ్మా? జర ఇస్కూల్ పిల్లగానికి చెప్పినట్టు చెప్పు" అన్నాను.

ఆమె స్కాన్ గదిలోంచి ఒక గుండ్రటి పారదర్శక డబ్బాను రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. చిన్న సైజు వంట గిన్నెంత ఉంది. నిండా నీళ్లు. మూత బిగుతుగా మరలతో బిగించి ఉంది. ఎత్తి చూశాను. ఐదారు కిలోలుంటుంది.

"దీన్ని ఫాంటమ్ అంటరు సార్. మేం నీళ్ల డబ్బా అంటం. రోజూ పొద్దున ఏ మనిషినీ పండబెట్టకముందే దీన్ని పండబెడ్తం. మెషిన్ మంచిగుంటే నీళ్లకి సున్నా చూపించాలె. అటు నాలుగు, ఇటు నాలుగు అయితే పర్వాలేదు. బొమ్మ నున్నగ రావాలె. ఆ బొమ్మని స్క్రీన్ మీద తారీకు కనబడేటట్టు ఫోన్ల ఫోటో తీసి, ఏడున్నర లోపల గ్రూపుల పెట్టాలె. ఫోటో రాకుంటే ఆ రోజు మెషిన్ ముట్టద్దు. అది దానియేలు సార్ రూలు."

"మరి బుడగ?"

"మూడు సెంటర్ల డబ్బాలు ఒక్కసారే కొన్నరు. మూడిటికీ మూత కాడ వాషర్ సక్కగ లేదు. రోజింత నీళ్లు ఎగిరిపోయి, అంత గాలి సొస్తది. గదిగో." డబ్బా పైభాగాన రూపాయి బిళ్లంత గాలిబుడగ అటూ ఇటూ జరిగింది. "నెల కింద మూడు డబ్బాలూ సారే నిలబడి నింపించిండు. అప్పుడు మిరియం గింజంత ఉండె. ఇప్పుడు చూడుండ్రి."

ఫోన్‌లో గ్రూపు తెరిచి ఫోటోలు వెనక్కి తిప్పింది. మిర్యాలగూడ బుడగ రోజురోజుకీ పెరిగింది. సూర్యాపేటదీ పెరిగింది. కోదాడ బుడగ మొన్న మిరియం గింజ, నిన్న మిరియం గింజ, ఈ రోజు ఏడూ పదికి వచ్చిన ఫోటోలోనూ మిరియం గింజే.

"కోదాడ ఇన్‌చార్జి శివన్న రోజూ నింపుకుంటుండేమో" అని తన మాటకి తనే ఆగిపోయింది స్వాతి. "కానీ సార్, రోజూ నింపెటోనికి ఒక్కరోజన్నా బుడగ లేకుంట ఉండాలె గద. మిరియం గింజంతని కొలిచి ఎట్ల మిగిలిస్తడు?"

"అన్నీ ఒక్కరోజే తీసిన ఫోటోలైతే?"

"తారీకు మారుతది సార్. బొమ్మ మీద మెషిన్ తారీకే పడ్తది."

"మెషిన్ గడియారం మార్చుకుంట పోతే?"

స్వాతి చేయి నోటి మీదికి పోయింది. ముప్పై సున్నాలు గీసి దానియేలు లెక్క తేల్చాడు. ఆ లెక్క ఎవరికో చెప్పబోయి ఉంటాడు, ఆ ఉదయమే తల పగిలింది.

కోదాడ చేరేసరికి పదీ ముప్పై ఐదు. పవన్ కారు నాకంటే ముందే అక్కడుంది.

పవన్ సంగతి కూడా చెప్పాలి. స్టేషన్లో నాతో నాలుగేళ్లు పనిచేశాడు. నేను మానేసిన ఏడాదికి తనూ మానేశాడు. నేను అద్దె గదిలోకి పోయాను, అతను ఏసీ గదిలోకి పోయాడు. సుధీర్ మీద పోలీసులకు రిపోర్టు రాసిచ్చింది అతనే. అంటే ఈ రోజు నేను గెలిస్తే అతను ఓడతాడు. ఇద్దరికీ ఆ సంగతి బాగా తెలుసు.

"ఏం దీప్లా, పెళ్లి సంబంధం ఏమన్న చూడనీకె వచ్చినవా?" అన్నాడు గుమ్మంలోనే.

"అవును పవన్ సాబ్. ఒక అబద్ధానికి సంబంధం చూస్తున్న. ఇంట్లోనే ఉందని తెలిసి వచ్చిన."

"చూడు, శివకుమార్ని నేను ఎప్పుడో వడకట్టిన. మంగళవారం ఏడూ పద్నాలుగుకి ఈడికెల్లి ఫోటో పెట్టిండు. సూర్యాపేట ఈడికి నలభై ఐదు కిలోమీటర్లు. ఏడూ ఇరవైకి పెద్దాయన ఆడ పడి ఉన్నడు. హెలికాప్టర్ల పోయిండా?"

"ఫోటో ఈడికెల్లే పెట్టిండని నీకు ఎవలు చెప్పిండ్రు?"

"గ్రూపుల టైం ఉంది గద!"

"టైం ఉంది. ఊరు లేదు."

పవన్ మొహం ఎర్రబడింది. "పది నిమిషాలు ఇస్తున్న. అయినంక నువ్వు బయటికి నడుస్తవ్."

శివకుమార్ తన గదిలో ఉన్నాడు. నలభై ఏళ్లు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఈ కోదాడ మనిషి మాటలో ప్రతిదానికీ చివర 'అండి' ఉంటుంది. పక్కనే కొత్త టెక్నీషియన్ సౌమ్య నిలబడి ఉంది. ఆమె చేరి రెండు నెలలు కూడా కాలేదు.

"మంగళవారం ఎన్నింటికి వచ్చారు?" అన్నాను.

"ఏడింటికండి. నేనే తాళం తీశాను."

"చూసినవాళ్లు?"

"ఎవరుంటారండి? సౌమ్య వచ్చేది ఎనిమిదింటికి, రిసెప్షన్ అమ్మాయి ఎనిమిదిన్నరకి. ఇక్కడ వేలిముద్ర మెషిన్ లేదు. మా హాజరు ఆ నీళ్ల ఫోటోయేనండి."

"మంచి పద్ధతి. ఆ నీళ్ల డబ్బా స్కాన్ రోజూ మీరే చేస్తారా?"

"నేనేనండి. ఇంకొకరి చేతికి ఇవ్వను."

సౌమ్య తలూపింది. "నన్ను అసలు ముట్టుకోనివ్వరు సార్."

"ఈ రోజు కూడా చేశారా?"

"ఏడూ పదికి పెట్టాను కదండీ. మీరే చూసుకోండి."

"నెల కిందట నింపారు కదా. మళ్లీ నీళ్లు పోశారా?"

"అవసరం లేదండి. వాళ్ల డబ్బాలు కారతాయేమో గానీ మాది గట్టిది. బుడగ మిరియం గింజంత. మొదట్నించీ అంతే."

"ఈ రోజు కూడా మిరియం గింజంతే?"

"అంతేనండి."

పవన్ వాచీ చూసుకున్నాడు. నేను కుర్చీలోంచి లేచాను. నాకు కావలసిన మాట దొరికింది. దొంగతనం ఒప్పుకోమంటే ఎవడూ ఒప్పుకోడు, బుడగ సైజు అడిగితే ఎవడైనా ధైర్యంగా చెబుతాడు.

"పదండి, ఆ గట్టి డబ్బాను నేనూ ఒకసారి కళ్లారా చూస్తాను."

శివకుమార్ లేవలేదు. "పేషెంట్లు ఉన్నారండి."

"బయట బెంచీ ఖాళీగా ఉంది."

"చూపించు శివకుమార్" అన్నాడు పవన్ విసుగ్గా. "చూస్తె ఈయన పరేషాన్ ఖతం అయితది."

స్కాన్ గదిలో చల్లగా ఉంది. నడుమ గుండ్రటి సొరంగంలాంటి మెషిన్, దాని ముందు పొడుగాటి బల్ల. మూలన ఇనుప బీరువా. శివకుమార్ తాళం తీయడానికి రెండుసార్లు తడబడ్డాడు. కింది అరలో తువ్వాలు చుట్టిన డబ్బా ఉంది. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, సౌమ్యతో చేతులకు తొడుగులు వేయించి బయటికి తీయించాను.

తువ్వాలు తడిగా ఉంది. బీరువా రేకు మీద నీటి మరక ఉంగరంలా ఎండి ఉంది, దాని లోపల ఇంకా చెమ్మ ఉంది. సౌమ్య తువ్వాలు విప్పి డబ్బాను నిలువుగా పట్టుకుంది.

పైన ఉన్నది మిరియం గింజ కాదు. నా అరచేయి వెడల్పున గాలి నిలిచి ఉంది. డబ్బాలో పావు భాగం నీళ్లే లేవు.

పవన్ వంగి చూశాడు, ఫోన్ తీసి ఆ ఉదయం ఫోటో చూశాడు, మళ్లీ డబ్బా చూశాడు.

"గిదేంది శివకుమార్?"

"పొద్దున్నుంచి... కారి ఉంటుందండి. మూడు గంటల్లో..."

"ఇందాక గట్టిదన్నారు" అన్నాను.

"బుడగ పట్టుకొని కోర్టుకు పోతవా దీప్లా?" పవన్ అన్నాడు. గొంతులో పాత బిగువు లేదు. "బుడగని సూసి జడ్జి నవ్వుతడు."

"నవ్వనీ. సౌమ్యా, దీన్ని ఇప్పుడే స్కాన్ చేయమ్మా. ఉన్న నీళ్లు చాలతాయా?"

"చాలతాయి సార్."

శివకుమార్ ఒక అడుగు ముందుకేశాడు. పవన్ అతని భుజం మీద చేయి వేసి ఆపాడు. ఆ చేయి చూసి నాకు ఆ క్షణంలో పవన్ మీద ప్రేమ పుట్టిందంటే నమ్మండి. ఎంతైనా పాత పోలీసు.

అద్దం ఇవతల కంప్యూటర్ ముందు నిలబడ్డాం. రెండు నిమిషాల్లో బొమ్మ వచ్చింది. స్వాతి ఫోన్‌లో చూసిన నీళ్లు నున్నగా, పలక తుడిచినట్టు ఉన్నాయి. ఈ నీళ్లు ఇసుక చల్లినట్టు గరుకుగా ఉన్నాయి. సౌమ్య నీళ్ల మీద ఒక గుండ్రటి గీత గీసి కొలిచింది. సున్నా రావలసిన చోట పదకొండు వచ్చింది.

"పదకొండా?" ఆమె మళ్లీ స్క్రీన్ మీదికి వంగి చూసింది. "నాలుగు దాటితే ఆపేయాలి సార్. మేం ఈ మెషిన్ మీద రోజుకి ఇరవై మందిని తీస్తున్నాం."

"మళ్లీ తీయమ్మా."

మళ్లీ తీసింది. పన్నెండు.

"శివకుమార్ గారూ, ఎన్నాళ్లుగా?" అన్నాను.

ఆయన జేబులోని పెన్ను తీసి మూత పెట్టాడు, తీశాడు. "ఐదు వారాలండి. ఇంజినీరు వచ్చి బాగుచేశాడు. ఆ ఒక్కరోజే బాగా నడిచింది. ఆ రోజే... డబ్బా నింపిన రోజే, నెలన్నరకి సరిపడా తీసి పెట్టుకున్నానండి. తారీకు మార్చుకుంటూ. పై నెల ఇన్‌స్పెక్షన్. అప్పటిదాకా మెషిన్ ఆగకూడదని పైవాళ్లు అన్నారు. ఆగితే నా ఇన్‌చార్జి పని పోతుంది. అంతవరకే నా తప్పు. దానియేలు గారి జోలికి నేను పోలేదండి. మంగళవారం నేను ఇక్కడే ఉన్నాను."

ఒక అబద్ధం కూలితే మనిషి పక్కనున్న అబద్ధాన్ని గట్టిగా పట్టుకుంటాడు. పదకొండేళ్లలో నేను నేర్చుకున్నది అదొక్కటే. ఫోటో దొంగదని తేలింది గానీ, అతను సూర్యాపేటలో ఉన్నాడని నా దగ్గర రుజువు లేదు. సుధీర్ని ఐదింటికి బోనులో నిలబెడతారు. టైం పదకొండూ ఇరవై.

అప్పుడే లోపల్నుంచి సౌమ్య పిలిచింది. "సార్, బల్ల తడుస్తోంది."

నీళ్లు మూత దగ్గర్నుంచి కారడం లేదు. డబ్బా అంచు దగ్గర, కింది వైపు నుంచి చుక్కచుక్కగా పడుతున్నాయి. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాను. అంచు మీద రెండంగుళాల పగులు ఉంది. దాని మీద పారదర్శకమైన టేపు అంటించారు. జాగ్రత్తగానే అంటించారు, కాకపోతే టేపు కింద పగులు గాడిలో ఇరుక్కున్నదాన్ని తుడవలేకపోయారు. ఎండిన గోధుమ రంగు మరక. అందులో ఒక తెల్లవెంట్రుక.

"పవన్ సాబ్, మూడు రోజులుగా నువ్వు సూర్యాపేట అంతా వెతికిన వస్తువు ఇదే. ఇక్కడ బీరువాలో తువ్వాలు కప్పుకొని పడుకున్నది."

పవన్ వంగి చూశాడు. నిటారుగా లేచేసరికి అతని మొహంలో రక్తం లేదు. సుధీర్ మీద రిపోర్టు రాసిన చేతిని ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. బయటికి పోయి డ్రైవర్ని లోపలికి పిలిచి తలుపు దగ్గర నిలబెట్టి, పోలీసులకు ఫోన్ చేశాడు. తర్వాత శివకుమార్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇగ నేను అడుగుత. డబ్బా సూర్యాపేటకు ఎట్ల పోయింది?"

శివకుమార్ గోడ వైపు చూస్తూ చెప్పాడు. ఇప్పుడు మాట చివర 'అండి' కూడా సరిగా పలకలేదు.

"సోమవారం రాత్రి ఆయనే ఫోన్ చేశారు. నీ డబ్బా తీసుకుని పొద్దున్నే రా, బుడగ నా కళ్ల ముందు చూపించు అన్నారు. బండి మీద పోయాను. ఏడింటికి వెనక తలుపు ఆయనే తీశారు. బతిమాలాను. ఒక్క నెల ఆగమన్నాను. పేషెంట్లకు నువ్వు ఏం చెప్తావురా అని డబ్బా పట్టుకుని లోపలికి పోబోయారు. నేను లాక్కున్నాను. ఆయన వదల్లేదు. మెట్ల మీద..." ఆగాడు. "నా చేతిలోకి వచ్చాక ఊపులో తగిలింది. కావాలని కాదు."

"ఫోటో?"

"మెట్ల కిందే నిలబడి పెట్టాను. ఏడూ పద్నాలుగు."

"ఆయన రక్తం కారుతుంటే?"

శివకుమార్ జేబులో పెన్నులు సర్దుకున్నాడు.

"డబ్బాను ఎందుకు పారేయలేదు?" నేనడిగాను.

"నంబరు ఉంటుందండి దాని మీద. ఇన్‌స్పెక్షన్‌లో నంబరు అడుగుతారు."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. తల పగలగొట్టిన వస్తువును ఇన్‌స్పెక్షన్ కోసం దాచుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. సుధీర్ బయటపడ్డట్టే. దీవెనకు చెబుదామని సంతోషంగా ఫోన్ తీశాను.

సౌమ్య ఇంకా కంప్యూటర్ ముందే ఉంది. ఏడుస్తోంది. రెండు నెలల ఉద్యోగం, భయపడిందనుకున్నాను. "నీ తప్పేం లేదమ్మా" అన్నాను.

"అది కాదు సార్." స్క్రీన్ మీద ఆ రోజు పేషెంట్ల పేర్ల వరస వేలితో చూపించింది. "ఈ రోజు మొదటి పేషెంటు. ఉదయం ఎనిమిదీ ఐదు. తల స్కాన్."

పేరు చదివాను. దానియేలు.

మంగళవారం ఆయన తలను సూర్యాపేట మెషిన్ మీదే తీశారు. తల లోపల చిన్నగా రక్తం కారిందని తెలిసింది. ఆ తర్వాత కొట్టిన వస్తువు అక్కడే ఎక్కడో ఉందనుకుని పవన్ సూర్యాపేట స్కాన్ గదికి తాళం వేయించాడు. స్కాన్ లేని ఊళ్లో ఎందుకని బుధవారం పెద్దాయన్ని కోదాడ ఆసుపత్రికి మార్పించాడు. రక్తం ఆగిందో లేదో చూడటానికి మళ్లీ తీయాల్సి వస్తే దగ్గర్లో ఉన్నది ఈ మెషినే. ఇసుక చల్లే మెషిన్.

"రిపోర్టు ఏం వచ్చింది?" అన్నాను.

"కొత్తగా రక్తం ఏమీ లేదని. డాక్టరు హైదరాబాద్‌లో కూర్చుని చూస్తారు సార్. గరుకు ఎందుకుందని అడిగారు. శివ సార్ పేషెంటు కదిలాడని రాయమన్నారు. రాశాను."

"కదిలాడా?"

"లేదు సార్." ఆమె వెక్కింది. "ఆయన అసలు కదల్లేదు."

మూడు రోజులుగా వేలు కదపని మనిషి కదిలాడని రాయించాడు. నేను శివకుమార్ వైపు తిరిగాను. అతను కళ్లు దించుకున్నాడు. ఊపులో తగిలిందన్న మాట ఇంతకుముందు సగం నమ్మాను. ఇప్పుడు నమ్మడానికి ఏమీ మిగల్లేదు.

"ఆ గరుకులో చిన్న రక్తం దాక్కుంటే కనబడుతుందా?"

"కనబడదు సార్."

పదకొండూ యాభై రెండు. దీవెన మొదటి రింగుకే ఎత్తింది. స్పీకర్ పెట్టాను. ఆమె గొంతు పండగలా ఉంది.

"అన్నా, నేనే చేద్దామనుకుంటున్న! సార్ రిపోర్ట్ మంచిగొచ్చింది. కొత్త రక్తం ఏం లేదంట. నిన్న సార్ కాలు వాచింది, అందుల రక్తం గడ్డ కట్టిందన్నరు. రిపోర్ట్ కోసమే ఆగిండ్రు. రక్తం పల్చబడే మందు షురూ చేసిండ్రు. ఇగ సార్ లేస్తడన్నా, తమ్ముడు..."

"దీవెనా, మందు ఆపు. ఇప్పుడే ఆపు. ఆ రిపోర్టు తప్పు. మెషిన్ ఖరాబుంది. లోపల రక్తం కారుతున్నా కనబడదు."

అటువైపు చెప్పుల చప్పుడు వినిపించింది, పరుగు. ఏదో మీట నొక్కిన శబ్దం. పవన్ అప్పటికే తన ఫోన్‌లో ఆసుపత్రి పెద్ద డాక్టర్ని పిలుస్తున్నాడు. "విరుగుడు ఇంజక్షన్ ఉంటుంది, అడగండి సార్, ముందు అది అడగండి" అని సౌమ్య అతని చేయి పట్టుకుని ఊపుతోంది. ఆసుపత్రి రెండు వీధుల అవతలే. నేను బండి తాళంచెవి చేతిలోకి తీసుకున్నాను.

"ఆపిన అన్నా." దీవెన గొంతు ఇప్పుడు చాలా దగ్గరగా, చాలా మెల్లగా వినిపించింది. "కండ్లు చూస్తున్న. టార్చ్ వేసిన."

"ఏమైంది?"

"కుడి కంటి పాప చిన్నగనే ఉంది. ఎడమ కంటిది..." ఊపిరి పీల్చుకుంది. "ఎడమ కంటిది పెద్దగైతాంది అన్నా. పొద్దున రెండూ ఒక్కతీరే ఉండె."

ఆమె ఐసీయూలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. తల లోపల రక్తం నిండి మెదడును నొక్కుతుంటేనే ఒక కంటి పాప అలా పెద్దదవుతుందని నాకు తర్వాత ఎవరో చెప్పారు. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను మెట్లు దిగుతూ ఫోన్ చెవికి గట్టిగా పట్టుకున్నాను.

"నా సేత్తోనే ఎక్కించిన అన్నా" అంది.